ఆరెకరాల తోట, దాని పైనున్న కొండ

ప్రశ్న: నేను విశాఖపట్నంలో మూడేళ్లుగా ల్యాండ్‌స్కేప్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. మధురవాడ దాటాక కొండ అడుగున ఆరెకరాల్లో కడుతున్న నివాస సముదాయానికి తోటలు, నడకదారులు, వాననీటి కుంట డిజైన్ చేసే పని నాకు అప్పగించారు. వాతావరణ మార్పును తట్టుకునేలా ఉండాలని, కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూపించాలని యాజమాన్యం షరతు పెట్టింది. ఎన్వీమెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూస్తే, చెట్లు పెరిగాక మధ్యాహ్నం 2 డిగ్రీలు చల్లబడుతుందని రంగుల పటం వచ్చింది. అందరికీ నచ్చింది. సైటు ఇంజినీరు గారు మాత్రం, "అమ్మా, మొదటి తుఫాను వచ్చిన రోజు ఈ పటం మనకేం చెబుతుంది?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. నేను ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? దాని ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ ఇంజినీరు గారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. మీ పటం తప్పని ఆయన అనలేదు. అది ఎండకు సంబంధించిన పటం, ఆయన అడుగుతున్నది వాన గురించి, గాలి గురించి. ఎన్వీమెట్ అనేది ఎండ, నీడ, తేమ, మంద గాలి ఒక చిన్న స్థలంలో ఎలా సర్దుకుంటాయో లెక్కగట్టే సాధనం. కొండ మీద నుంచి దిగే వరద గురించి గానీ, తుఫాను గాలికి ఏ చెట్టు పడుతుందన్న దాని గురించి గానీ మీ పటం ఒక్క మాట కూడా చెప్పదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీ స్థలానికి మొదటి గండం ఎటునుంచి వస్తుందో చూద్దాం. కొండ అడుగున ఉన్న స్థలానికి అది నీటి రూపంలోనే వస్తుంది.

మన ఊరి నేల తీరు మీకు తెలిసిందే. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం, నడుమ సన్నని మైదానం. కొండ మీద పడిన వాన సముద్రం చేరడానికి చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్ల దారి కూడా ఉండదు. అందుకే ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి కనిపించే గెడ్డ (కొండవాగు), వాన పడిన గంటలోపే నిండుగా పారుతుంది. కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. అది చివికి ఎర్రమట్టి అవుతుంది. పచ్చదనం కప్పి ఉన్నంతకాలం ఆ మట్టి కదలదు గానీ, ఒకసారి పైపొర గీరేస్తే నీటితోపాటు జారిపోతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను మీరు చూసే ఉంటారు. డిజైనర్ కళ్లతో ఇంకొకసారి వెళ్లి చూడండి. అక్కడి మట్టి వయసు, పుట్టుక వేరే కథే అయినా, పట్టు లేని ఎర్రటి నేలను వాననీరు ఎంత లోతుగా, ఎంత నిటారుగా కోయగలదో కంటికి కట్టినట్టు చూపించే చోటు ఈ జిల్లాలో దానికి మించింది లేదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి కొండవాలు అడుగునే ఒక విడిది గృహాల సముదాయానికి నేను వాననీటి కుంట డిజైన్ చేశాను. మోడల్ శ్రద్ధగానే కట్టాను. పైకప్పులు, సిమెంటు దారులు, పచ్చిక, అన్నిటికీ విడివిడిగా విలువలు ఇచ్చాను. కానీ మోడల్ హద్దును ప్రహరీ గోడ దగ్గర ఆపేశాను. డ్రాయింగు అక్కడితో ఆగింది గనుక నా ఆలోచనా అక్కడే ఆగింది. రెండో ఏడాది అక్టోబరు వానకు, గోడ అవతల కొండ ముఖం మీద పడిన నీరంతా కొత్తగా వేసిన మట్టి రోడ్డు వెంట దిగి, ప్రహరీ కింద తవ్వుకుని లోపలికి వచ్చింది. కుంట గట్టు తెల్లవారేసరికి తెగింది. పూలమడులున్న చోట మోకాలి లోతు ఎర్రని బురద నిలిచింది. నా మోడల్‌లో లెక్క తప్పలేదు. నేను గీసిన హద్దు తప్పింది. అందుకే మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది: సిమ్యులేషన్‌లో మొదటి గీత స్థలం హద్దు వెంట గీయకండి, మీ స్థలంలోకి నీరు దిగే కొండ నెత్తి వెంట గీయండి.

దీని బరువు ఎంతో తెలియడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కాగితం చాలు. ఇంజినీర్లు రేషనల్ పద్ధతి అని పిలిచే పాత సూత్రం ఒకటుంది. ప్రవాహ గుణకాన్ని (పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతును) గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతతోనూ, హెక్టార్లలో విస్తీర్ణంతోనూ గుణించి 360తో భాగిస్తే, సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందో తేలుతుంది. మీ ఆరెకరాలంటే 2.43 హెక్టార్లు. కట్టడాలు ఎక్కువ గనుక గుణకం 0.7 అనుకుని, గంటకు 100 మిల్లీమీటర్ల జడివాన వేసుకుంటే సెకనుకు 0.47 ఘనపు మీటర్లు, అంటే 470 లీటర్లు. ఇప్పుడు మీ గోడకు పైన 20 హెక్టార్ల కొండ ముఖం ఉందనుకోండి. పొదలున్న వాలుకు గుణకం 0.5 వేసినా సెకనుకు 2.78 ఘనపు మీటర్లు వస్తుంది. మీ సొంత నీటికి దాదాపు ఆరు రెట్లు! మీ కొండ ముఖం 20 హెక్టార్లు కాకపోవచ్చు, ఎక్కువో తక్కువో ఉండవచ్చు. అదెంతో కొలవడమే మీ మొదటి పని. పెద్ద మోడల్ నడిపిన ప్రతిసారీ దాని ఫలితాన్ని ఈ చేతి లెక్క పక్కన పెట్టి చూడండి. రెండింటికీ పొంతన లేకుండా పదింతల తేడా వస్తే, ఎక్కడో యూనిట్లో సున్నాలో తారుమారయ్యాయని అర్థం.

కొలవడానికి ఉచితంగా దొరికే ఎత్తుల పటాలు ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం పటం ఒకటి, మన కార్టోశాట్-1 చిత్రాల నుంచి తయారై ఇస్రో వారి భువన్‌లో దొరికే కార్టోడెమ్ మరొకటి. ఈ రెండింటిలోనూ ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. కొండ నెత్తి ఎక్కడ, నీరు ఏ వాలుకు చీలుతుంది, గెడ్డ ఎటు పోతుంది అన్నవి తేల్చడానికి అవి పనికొస్తాయి. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో ఒక పూటలో పరీవాహక హద్దు గీయవచ్చు. కానీ మీ ఆరెకరాల లోపల వాటిని వాడకండి. ఆ స్థలం మొత్తానికి వచ్చేవి 27 గడులు మాత్రమే. పైగా చెట్ల తలలను, ఇళ్ల కప్పులను కూడా అవి నేలగా పొరబడే అవకాశం ఉంది. లోపలికి టోటల్ స్టేషన్ (నేల మీద నిలబెట్టి దూరాలు, ఎత్తులు కొలిచే పరికరం) సర్వేనో డ్రోన్ సర్వేనో తప్పదు. అది చేయించేటప్పుడు గోడ అవతల ఒక 50 మీటర్ల మేర కూడా కొలిపించండి. అక్కడ ఏ కల్వర్టు ఉంది, దాని తూము ఎంత వెడల్పు, అందులో సగం మట్టి పూడుకుపోయి ఉందా అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పదు. ఒక మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని కొండ అడుగున గంటసేపు నడిస్తే, నీరు ఎక్కడ మడత తిరిగి మీ స్థలంలోకి వస్తుందో కళ్లతోనే చూడవచ్చు. ఆ చోట్లను ఫోనులో గుర్తు పెట్టుకుని, మోడల్ చూపిన దారితో సరిపోతున్నాయో లేదో పోల్చండి. సరిపోకపోతే నమ్మవలసింది మీ కళ్లను.

రెండో మెట్టు మట్టి. వాననీటి కాలువలు, కుంటలు, నీటిని నేలలోకి ఇంకించే మడులు అన్నీ కలిపి లెక్కగట్టడానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971 నుంచి నడుపుతున్న ఎస్‌డబ్ల్యూఎంఎం అనే ఉచిత మోడల్ ఉంది. మీరు నేర్చుకోవలసిన వాటిలో దాన్నే ముందు పెడతాను. అది మిమ్మల్ని ఒక విలువ అడుగుతుంది: ఈ నేల గంటకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు తాగుతుంది? చాలామంది పుస్తకంలో ఇసుక గరప నేలకు ఇచ్చిన విలువ రాసి ముందుకు పోతారు. మీరు అలా చేయకండి. పాత నూనె డబ్బా ఒకదానికి అడుగూ పైభాగమూ కోయించి, దాని మీద చెక్క పెట్టి సుత్తితో మూడు అంగుళాలు నేలలోకి దించండి. లోపల ఒక స్కేలు నిలబెట్టి నీళ్లు పోయండి. ఎండిన నేల మొదట గటగటా తాగేస్తుంది, ఆ వేగాన్ని చూసి మురిసిపోవద్దు. మళ్లీ మళ్లీ పోస్తూ ఒక గంట గడిచాక, నీటి మట్టం ఒకే వేగంతో దిగడం మొదలైనప్పుడు చూసిన విలువే మోడల్‌కు కావలసింది. నేను ఈ పని ఒకే స్థలంలో రెండు చోట్ల చేశాను. తుప్పల మధ్య, ముట్టని నేల మీద పోసిన నీళ్లు మాటల్లో ఉండగానే ఇంకిపోయాయి. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, పొక్లెయిన్ తిరిగి రోలర్ తొక్కిన చోట, అరగంట తర్వాత కూడా డబ్బాలో నీళ్లు అద్దంలా నిలిచి ఆకాశాన్ని చూపిస్తున్నాయి. మట్టి రంగు ఒకటే, పేరు ఒకటే, పుస్తకంలో వరుస కూడా ఒకటే. మీ సముదాయంలో నీరు ఇంకే మడులు వచ్చే చోట్లను ఇప్పుడే తాడు కట్టి వేరు చేయించి, ఆ గీత లోపలికి బండ్లు రాకుండా చూడగలిగితే, ఏ సాఫ్ట్‌వేర్ చేయలేని మేలు చేసినవారవుతారు.

ఇక వాన విలువ. విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది గానీ, డిజైన్‌కు ఏడాది మొత్తం ఉపయోగపడదు, రోజు మొత్తం కూడా చాలదు. 100 మిల్లీమీటర్ల వాన 24 గంటలు తీరిగ్గా పడితే మీ కాలువలు నోరెత్తవు. అదే వాన రెండు గంటల్లో పడితే గట్లు తెగుతాయి. ఒక ఎకరం మీద 100 మిల్లీమీటర్లంటే 4 లక్షల లీటర్ల పైమాటే, అది ఎంతసేపట్లో వచ్చిందన్నదే ప్రశ్న. కనుక గంటవారీ, వీలైతే పావుగంటవారీ తీవ్రతతో మోడల్ నడపండి. వాతావరణ మార్పును ఇందులో ఎలా కలపాలని అడుగుతారేమో. భూమి సగటు వేడి ఒక డిగ్రీ పెరిగితే అతి భారీ రోజువారీ వానల తీవ్రత దాదాపు 7 శాతం పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. దాన్ని పట్టుకుని నేటి వాన, దానికి 10 శాతం ఎక్కువ, 20 శాతం ఎక్కువ, ఇలా మూడుసార్లు నడపండి. కుంట నిండుతుందా లేదా అన్నదానికన్నా, నిండాక పొర్లే నీరు ఏ దారిన పోతుందన్నది చూడండి. ఆ దారిలో ఎవరి ఇంటి గుమ్మమూ, పిల్లల ఆటస్థలమూ, ట్రాన్స్‌ఫార్మరూ ఉండకూడదు. కుంటను పదింతలు పెద్దది చేయడం మీ చేతిలో లేదు గానీ, అలుగు ఎటువైపు పెట్టాలన్నది మీ చేతిలోనే ఉంది. పెద్ద చెరువులకు మన పెద్దలు గట్టు కన్నా ముందు అలుగు చోటు చూసుకునేవారు.

ఇప్పుడు మీ రంగుల పటానికి వద్దాం. దాన్ని పారేయమని నేను అనను. కానీ ఆ 2 డిగ్రీలను యాజమాన్యానికి వాగ్దానంలా ఇవ్వకండి. చెట్టు నీడలో గాలి ఉష్ణోగ్రత తగ్గేది ఒకటి రెండు డిగ్రీలకు మించకపోవచ్చు. నీడలోకి అడుగుపెట్టగానే మనకు కలిగే హాయి ఎక్కువగా దాని వల్ల వచ్చేది కాదు. ఎండ, వేడెక్కిన సిమెంటు, గోడలు మన ఒంటి మీదికి విసిరే వేడి ఆగిపోవడం వల్ల వస్తుంది. దాన్ని సగటు వికిరణ ఉష్ణోగ్రత అంటారు. ఎండకూ నీడకూ మధ్య ఆ విలువలో తేడా 20 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి మీ సాధనంలో గాలి ఉష్ణోగ్రత పటానికి బదులు ఆ పటం తీయండి. డబ్బు పెట్టలేని వారికి, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైన సోల్‌వెయిగ్ మోడల్ క్యూజీఐఎస్‌లోనే ఉచితంగా నడుస్తుంది. నీడ, వికిరణం వరకు అది బాగానే చెబుతుంది.

అయితే ఈ ఊరికి వచ్చేసరికి రెండు జాగ్రత్తలు. ఒకటి పొద్దు. విదేశీ పాఠాల్లో దక్షిణం వైపు చెట్లు పెట్టండన్న సలహా తరచూ కనిపిస్తుంది. మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు, నీడ చెట్టు మొదట్లోనే ముడుచుకుంటుంది. డిసెంబరు 22న మాత్రం దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. వేసవిలో జనాన్ని అల్లాడించేది మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా పడమటి ఎండ. అందుచేత నడకదారికి పడమట చెట్టు ఉండాలి. మోడల్‌ను ఆ గంటలకే నడిపి చూడండి. రెండోది గాలి. ఇక్కడ ఎండ కన్నా ఉక్కపోతే మనిషిని ఎక్కువ అలసట పెడుతుంది. దానికి ఉన్న ఒకే మందు సముద్రపు గాలి. ఆగ్నేయం, దక్షిణం వైపు దట్టమైన పొదల కంచె పెట్టి గాలి ఆపేస్తే, పటంలో నీలి రంగు వచ్చినా బెంచీ మీద కూర్చున్న పెద్దాయన చొక్కా తడిసిపోతుంది. ఆ వైపు మనిషి తల ఎత్తు దాటాక కొమ్మలు విచ్చుకునే చెట్లే పెట్టండి. మోడల్‌లో వాతావరణ ఫైలు ఎక్కడిదో కూడా చూసుకోండి. దొరికేవి తరచూ విమానాశ్రయానివి. అది కొండల వెనక పల్లపు నేల, మధురవాడ వైపు గాలి తీరు వేరు. సైటులో ఒక నెలపాటు చవకలో దొరికే ఉష్ణోగ్రత, తేమ లాగర్లు (వాటంతటవే నమోదు చేసే పరికరాలు) రెండు పెట్టి, ఒకటి నీడలో, ఒకటి బయట, ఆ రీడింగులకు మోడల్‌ను సరిచేసుకోండి.

తుఫాను గాలి సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మీ ఆఫీసు కంప్యూటర్ పెద్దగా సాయపడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. కట్టడాల మీద గాలి భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే అదీ గంటకు 180 కిలోమీటర్లే. పెర్గోలాలు, దీపస్తంభాలు ఆ విలువకు తట్టుకునేలా మీ ఇంజినీరు గారితోనే లెక్క కట్టించండి. చెట్ల విషయంలో మాత్రం నేను మోడల్‌ను కాక, ఆ మర్నాటి రోడ్లను నమ్ముతాను. పెద్ద తలలతో, పైపైన పాకిన వేళ్లతో ఉన్న తురాయి, నిద్రగన్నేరు చెట్లు వేళ్లతో సహా పెకలిపోయి అడ్డంగా పడి ఉన్నాయి. తాటిచెట్లు మట్టలు విరిగినా నిలబడే ఉన్నాయి. అందువల్ల తాటి, ఈత వంటి వాటికి, వేప, కానుగ, పొన్న వంటి నేలకు అలవాటైన వాటికి చోటివ్వండి. ఇళ్ల గోడలకు దగ్గరగా పెద్ద తల చెట్టు పెట్టకండి. వేరు పాకడానికి నాలుగు వైపులా నేల విడిచిపెట్టండి. సిమెంటు రింగులో బిగించిన చెట్టు ఏ జాతిదైనా పడుతుంది.

మీ మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చిన్నది. క్యూజీఐఎస్, ఆ తర్వాత ఎస్‌డబ్ల్యూఎంఎం, ఆ తర్వాత సోల్‌వెయిగ్. ఎన్వీమెట్ మీ దగ్గర ఉంది గనుక ఉంచుకోండి. గెడ్డ మీ స్థలం పక్కనే పారుతూ గట్టు పొర్లే ప్రమాదం ఉంటే, వాగు ప్రవాహాన్ని లెక్కగట్టే అమెరికా సైనిక ఇంజినీర్ల సాఫ్ట్‌వేర్ హెక్-రాస్ కూడా ఉచితమే. అది మాత్రం నీటి ఇంజినీరు పక్కన కూర్చోకుండా ఒంటరిగా నడపకండి.

ఎంతవరకు నమ్మాలని అడిగారు. ఒకే విలువలు ఇచ్చి రెండు డిజైన్లను పోల్చినప్పుడు ఏది మేలో చెప్పడంలో మోడల్‌ను బాగా నమ్మవచ్చు. ఫలానా రోజు ఫలానా చోట ఇన్ని డిగ్రీలు, ఇన్ని అంగుళాల నీరు అని చెప్పడంలో అంత నమ్మకూడదు. కాబట్టి యాజమాన్యం ముందు ఒక్క పటం పెట్టకండి. కుంట ఒకచోట ఉంటే ఏమవుతుంది, ఇంకోచోట ఉంటే ఏమవుతుంది, అసలు కుంట లేకపోతే ఏమవుతుంది అని మూడు పటాలు పక్కపక్కన పెట్టండి. ప్రతి పటం కింద ఏ వాన, ఏ మట్టి విలువ, ఏ హద్దు తీసుకున్నారో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. పైన కొండ మీద రేపు ఎవరైనా లేఅవుట్ వేస్తే ఈ లెక్క మారుతుందన్న మాట కూడా అక్కడే, అదే సైజు అక్షరాలతో రాయండి. షరతు పెట్టినవారికి అది రుచించకపోవచ్చు. అయినా రాయండి, ఆ ఇళ్లలో ఉండబోయేది వాళ్లు కాదు.

చివరిగా ఒక పని ఉంది, దానికి ఖర్చు చాలా తక్కువ. జూన్ మొదటి వారానికల్లా సైటులో ఒక వాన కొలిచే గేజీ పెట్టించండి. కుంట లోపలి గోడకు అడుగడుగుకూ తెల్లరంగు గీతలు వేయించండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గేజీ చూసి రాయమని, గట్టి వాన పడిన ప్రతిసారీ నీరు ఏ గీత దాకా వచ్చిందో, ఎంతసేపటికి దిగిందో కూడా రాయమని కాపలాదారుకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. అక్టోబరు, నవంబరు వానలు అయ్యాక ఆ పుస్తకం, మీ మోడల్ ఫలితాలు ఒకే బల్ల మీద పెట్టుకుని మీరూ మీ ఇంజినీరు గారూ కూర్చోండి. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పేజీల్లోనే మొదలవుతుంది. రెండూ ఎక్కడ విడిపోయాయో నాకు కూడా రాయండి, తప్పకుండా చదువుతాను.